మోగని గాలిగంటలు

"దీన్ని మోగకుండా చెయ్యాలి."

అట్టపెట్టె బల్లమీద పెట్టి అతను అన్న మొదటి మాట అది. లోపలికి రావచ్చా అని లేదు, ఎవరైనా ఉన్నారా అని లేదు. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. వేసుకున్న నీలం యూనిఫాం మీద ఏదో లిఫ్టుల కంపెనీ గుర్తు.

ఆమె మోచేతుల దాకా మట్టితో ఉంది. తలెత్తి చూసింది.

"ఏమన్నారు?"

"ఈ విండ్ చైమ్. మోగకూడదు. మీ దగ్గర కొన్నదే. అడుగున మీ ముద్ర కూడా ఉంది."

పెట్టె తెరిచి చూసింది. ఆకుల్లా మలిచిన పదకొండు పింగాణీ బిళ్ళలు, పైన సముద్రపు రంగులో మెరిసే గ్లేజు పూత. తను చేసినవే. వేలితో ఒకదాన్ని మీటబోయింది. అతను చటుక్కున పెట్టె మూత మీద చెయ్యి వేశాడు.

"మోగుతుందండీ, నాకు తెలుసు. అదే కదా బాధ!"

ఆమెకి చిర్రెత్తుకొచ్చింది. పన్నెండేళ్ళుగా మట్టితో కుస్తీ పట్టి గాలిగంటలు చేస్తోంది. రంగు నచ్చలేదన్నవాళ్ళున్నారు, దారం తెగిందన్నవాళ్ళున్నారు. మోగుతోందని ఫిర్యాదు చేసినవాణ్ణి ఇప్పుడే చూడ్డం.

"మోగడానికి చేసినదాన్ని మోగకుండా చెయ్యమంటారేంటండీ? దారం తెంపి అటక మీద పడెయ్యండి. మోగమని బతిమాలినా మోగదు."

"అటక మీద కాదు. మా గుమ్మంలోనే ఉండాలి. చూడ్డానికి అచ్చం ఇలాగే ఉండాలి. గాలికి ఊగాలి. చప్పుడు మాత్రం రాకూడదు."

"అయితే ఫొటో తీసి గోడకి అంటించుకోండి."

వెనక గదిలో పిన్ని కిసుక్కున నవ్వింది. అతను నవ్వలేదు. పెట్టె వైపు చూస్తూ నిలబడ్డాడు. అప్పుడు గమనించిందామె, అతని కళ్ళకింద ఎన్నాళ్ళుగానో నిద్రలేని నలుపు.

"మా అన్నయ్య కొన్నాడు దీన్ని" అన్నాడు నెమ్మదిగా. "ఇంటికి రాగానే చేత్తో ఒకసారి ఊపి లోపలికొచ్చేవాడు. ఎనిమిది నెలలైంది, పోయాడు. యాక్సిడెంట్. ఇప్పుడు గాలి వీచినప్పుడల్లా అమ్మ లేచి వెళ్ళి తలుపు తీస్తోంది. మొన్న అలాగే వెళ్ళి గడప దగ్గర జారిపడింది. మణికట్టు విరిగింది. నేను దీన్ని దించేశాను. అమ్మ రెండ్రోజులు మంచినీళ్ళు కూడా ముట్టుకోలేదు. రిపేరుకి ఇచ్చానని అబద్ధం చెప్పొచ్చాను."

ఆమె చేతిలోని మట్టిముద్ద నెమ్మదిగా బల్లమీదికి జారింది.

"కూర్చోండి" అంది. "ఆ కుర్చీ కాదు, దానికి మూడు కాళ్ళే ఉన్నాయి."

*

ఎలా చెయ్యాలో ఆమెకి తెలుసు. చేతకాక కాదు, మనసు రాక తటపటాయించింది.

"మామూలుగా రెండుసార్లు కాలుస్తాం" అని అతనికి చెప్పింది. "రెండోసారి బట్టీలో వేడి బాగా ఎక్కువ పెడతాం. మట్టికి గొంతు వచ్చేది అప్పుడే. ఒక్కసారే, తక్కువ వేడిలో కాల్చి వదిలేస్తే టప్ టప్ అంటుంది తప్ప మోగదు. దారాలు కూడా ఎడంగా కడతాను. గ్లేజు బదులు రంగు పూస్తాను."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"అది నన్నడక్కండి, వానని అడగండి."

ఆ ఏడు వాన పట్టుకుందంటే వదల్లేదు. వీధి చివర కాలవ పొంగి ఇటు వచ్చేది. గోడలు చెమ్మతో నల్లబడ్డాయి. చెక్కల మీద పరిచిన బిళ్ళలు ఎన్ని రోజులైనా ఆరేవి కావు. తడి మిగిలిన బిళ్ళని బట్టీలో పెడితే పేలి ముక్కలైపోతుంది. ఒకసారి అలాగే అయింది, పదకొండింటిలో తొమ్మిది పోయాయి. మళ్ళీ మొదటికొచ్చింది.

అతను రెండ్రోజులకోసారి వచ్చేవాడు. ఊరికే నిలబడేవాడు కాదు. బట్టీ తలుపు సరిగ్గా పడటం లేదని చూసి, సంచీలోంచి రెంచి తీసి బిగించాడు. మూడు కాళ్ళ కుర్చీకి నాలుగోది వేశాడు. పిన్నికి మహా ముచ్చటేసింది.

పిన్ని అంటే మామూలు పిన్ని కాదు. అమ్మ పోయాక ఈమెని పెంచింది, ఈ పని నేర్పింది. ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి కాబట్టి బిళ్ళలకి ముద్ర వెయ్యడం కూడా మానేసింది. రెండేళ్ళ కిందట ఈమెకి కుదిరిన పెళ్ళి తప్పిపోయింది ఆ చేతుల వల్లే. పెళ్ళికొడుకు పిన్ని వణుకుని అనుకరించి నవ్వించబోయాడు. "నాకు మీరంటే అసహ్యం వేసింది" అని అందరి ముందే చెప్పేసింది. అబద్ధం చెప్పడం ఆమెకి చేతకాదు. పిన్ని ఆ సంగతి తలుచుకుని అప్పుడప్పుడు నిట్టూరుస్తుంది, అప్పుడప్పుడు మురుస్తుంది.

"లిఫ్టబ్బాయ్, పెళ్ళయిందా నీకు?" అని అడిగేసింది నాలుగోసారి వచ్చినప్పుడు.

"పిన్నీ!"

"లేదండీ పిన్నిగారూ."

"ఊఁ. లిఫ్టులు బాగు చేస్తావు. పైకి తీసుకెళ్ళేవాడివే, నువ్వు మాత్రం కిందే ఉండిపోయావు."

అతను నవ్వాడు. అతని నవ్వు ఆమె మొదటిసారి చూసింది. చిన్న నవ్వు. పైకి వచ్చి, తప్పు చేసినట్టు వెంటనే లోపలికి పోయింది.

ఒకరోజు ఆమె ఒక బిళ్ళని చెంపకి ఆనించి కళ్ళు మూసుకుంది. కళ్ళు తెరిచేసరికి అతను అటే చూస్తున్నాడు.

"ఏం చేస్తున్నారు?"

"ఆరిందో లేదో చూస్తున్నా. చల్లగా తగిలితే లోపల ఇంకా నీళ్ళున్నట్టు."

"ఏదీ, ఇటివ్వండి." అతను కూడా చెంపకి ఆనించుకున్నాడు. "చల్లగానే ఉంది."

"మీ చెంపే చల్లగా ఉందేమో. వానలో తడిసొచ్చారుగా!"

"మరి నిజం తెలిసేదెలా?"

"నా మాట నమ్మాలి" అంది. అంటూనే ముఖం తిప్పుకుని, అక్కర్లేని చెక్కని ఒకచోటినుంచి తీసి ఇంకోచోట పెట్టింది.

ఒక్క విషయం మాత్రం ఆమెకి మింగుడు పడలేదు. మిగతా ఆర్డర్ల కోసం బిళ్ళలు మీటి చూడబోతే చాలు, "ఒక్క నిమిషం, ఫోను" అని అతను బయటికి పోయేవాడు. చూరు కింద, కారే నీళ్ళ పక్కన, ఫోను చెవికి ఆనించి వీపు ఇటు తిప్పి నిలబడేవాడు. మాట్లాడినట్టు కూడా ఉండేది కాదు. వింటున్నట్టుండేది.

"ఎవరోగానీ మీకు గట్టివాళ్ళే దొరికారు" అంది ఒకసారి, మామూలుగా అన్నట్టు. "మిమ్మల్ని ఒక్క మాటా మాట్లాడనివ్వరు!"

"అవునండీ" అన్నాడతను. "నేను వినడమే."

అంతే. అటు తర్వాత ఆమె అతనికి టీ ఇవ్వడం పిన్నికి అప్పజెప్పేసింది. తనకేం? వచ్చాడు, పని చెప్పాడు, పని అయితే పోతాడు. ఆ రాత్రి పిన్ని "తిండి సరిగ్గా తినలేదేమే?" అంటే "వానకి ఆకలెయ్యట్లేదు" అంది. అది అబద్ధమని చెప్పిన మరుక్షణమే తెలిసి, కంచం మళ్ళీ ముందుకి లాక్కుని బలవంతాన తింది.

*

ఆరోవారం ఎండ రెండు పూటలు కాసింది. బిళ్ళలు ఆరాయి, కాలాయి, రంగు కుదిరింది. పక్కపక్కన పెడితే ఏది పాతదో ఏది కొత్తదో ఆమెకే తెలియనట్టుంది. వేలితో మీటింది. టప్ అంది. చేసిన వాటిలో తనకి సిగ్గనిపించిన మొదటి వస్తువు అదే.

కట్టడానికి అతనితోపాటు వాళ్ళింటికి వెళ్ళింది. వరసగా ఉన్న ఇళ్ళలో చివరిది. ముందుగదిలో కుట్టుమిషను మీద గుడ్డ కప్పి ఉంది. అతని తల్లి దర్జీ పని చేస్తుంది, ఇప్పుడు కుడిచేతికి కట్టు. మంచం మీంచి లేవకుండానే పలకరించింది.

అతను స్టూలెక్కి గుమ్మంలో కొక్కేనికి తగిలించాడు. గాలి వీచింది. బిళ్ళలు ఊగాయి. టప్, టప్. అంతే.

తల్లి లేచింది. ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చి, ఎడమచేత్తో ఒక బిళ్ళని పట్టుకుంది. బొటనవేలితో రుద్దింది. రోజంతా గుడ్డలు తడిమి చూసే వేళ్ళవి.

"ఇది నాది కాదు."

"అదేనమ్మా! దారాలు మార్చారు, అందుకని..."

"నువ్వాగు. అమ్మాయ్, నువ్వేనా చేసింది? నువ్వు చెప్పు."

ఆమె అతని వైపు చూసింది. అతని కళ్ళు బతిమాలుతున్నాయి. ఒక్క "అవును" చాలు.

"కాదండీ" అంది. "కొత్తది. మోగకుండా ఉండేలా చేశాను. మీది నా దగ్గర భద్రంగా ఉంది."

అతను దూకిన ఊపుకి స్టూలు పక్కకి పడింది.

"ఒక్క మాట! అవును అంటే మీ సొమ్మేం పోయేది?" అతను అరిచాడు. "ఆరువారాలు తిరిగాను. దీనికోసమేనా!"

వానలోకి వెళ్ళిపోయాడు. గొడుగు కూడా తీసుకోలేదు.

తల్లి అతన్ని పిలవలేదు. గుమ్మంలోనే కూలబడింది, ఈమెనీ కూర్చోమంది.

"పెద్దాడు రాడని నాకు తెలీదనుకున్నాడా పిచ్చివాడు? పోయాక వాణ్ణి చివరిసారి చూసింది నేనే కదమ్మా." కట్టు ఉన్న చేతిని ఒళ్ళో పెట్టుకుంది. "పొద్దున్నుంచి సాయంత్రం దాకా మంచం మీంచి లేవబుద్ధి కాదు. అది మోగితే లేవాలనిపిస్తుంది. వెళ్ళి తలుపు తీస్తాను. ఎవరూ ఉండరని తెలుసు. ఎలాగూ లేచాను కదా అని వాకిలి ఊడుస్తాను, పొయ్యి వెలిగిస్తాను. అలా ఓ రోజు గడుస్తుంది. ఆ రోజు గడప తడిగా ఉండి జారాను. దానికి గంటేం చేసింది?"

"ఈ సంగతి ఆయనకి చెప్పకపోయారా?"

"వినడానికి ఇంట్లో ఉంటేగా! అది మోగితే నేను తలుపు దాకా వెళ్తాను, వాడు తలుపు దాటి వెళ్తాడు. దీన్ని మోగకుండా చెయ్యమన్నది నా కోసం కాదమ్మాయ్. వాడు వినలేడు."

ఆమెకి చూరు కింద వీపు తిప్పి నిలబడ్డ మనిషి గుర్తొచ్చాడు.

"ఆయనకి ఫోన్లు... ఎక్కువగా వస్తుంటాయా?"

"వాడికా? ఎవరు చేస్తారు? నేనొక్కదాన్ని చెయ్యాలి, నాకు బటన్లు కనపడవు."

ఆమెకి లోపల సంతోషమేసింది. ఆ ఇంట్లో, ఆ గుమ్మంలో సంతోషమేసినందుకు వెంటనే సిగ్గేసింది.

"నాది నీ దగ్గరే ఉంచు" అంది తల్లి లేస్తూ. "పోయినవాడి కోసం ఉన్నవాణ్ణి ఇంట్లోంచి తరమలేను. కానీ వాడెందుకు వినలేడో కనుక్కో తల్లీ. నాకైతే చెప్పడు."

*

అతను లిఫ్టు బాగు చేస్తున్నది ఎనిమిదంతస్తుల ఆఫీసులో. మర్నాడు మధ్యాహ్నం వెళ్ళేసరికి లిఫ్టు తలుపుకి "పని చేయడం లేదు" అని అట్టముక్క వేలాడుతోంది. ఆరంతస్తులు ఎక్కింది. అక్కడ, తెరిచిన లిఫ్టు తలుపు పక్కన, పనిముట్లు చుట్టూ పరుచుకుని ఏ పనీ చెయ్యకుండా కూర్చున్నాడు.

"మెట్లెక్కి వచ్చారా?"

"లిఫ్టు మెకానిక్ చేతులు కట్టుకుని కూర్చుంటే ఎగిరి వస్తారా?" రొప్పుతూ అతని పక్కన మెట్టు మీద కూర్చుంది. ఊపిరి తిరిగాక అంది, "మీకు ఫోన్లు రావట."

అతను తల వంచుకున్నాడు.

"మీ అన్నయ్య రాడని తెలిసే మీ అమ్మగారు తలుపు తీస్తున్నారు. మీరెందుకు పారిపోతున్నారు?"

కింద అంతస్తులో ఎవరో లిఫ్టు బటన్ నొక్కి, విసుక్కుంటూ మెట్లెక్కడం వినిపించింది.

"ఆ రోజు నేను ఇంట్లోనే ఉన్నాను" అన్నాడు. "పనిలో ఉన్నానని అమ్మ అనుకుంటోంది. కాదు. పొద్దున అన్నయ్య నా స్నేహితుల ముందు నన్ను ఎగతాళి చేశాడు. అంతే, మరేం లేదు. ఏం ఎగతాళి చేశాడో కూడా ఇప్పుడు సరిగ్గా గుర్తులేదు. సాయంత్రం తాళంచెవి మర్చిపోయి వచ్చాడు. కరెంటు లేదు, కాలింగ్ బెల్ మోగదు. గాలిగంటలు ఊపాడు. నేను మంచం మీద పడుకుని విన్నాను. కాసేపు నిలబడితే బుద్ధొస్తుంది అనుకున్నాను. మళ్ళీ ఊపాడు. మూడోసారి గట్టిగా ఊపాడు. అయిదు నిమిషాలు, అంతే అనుకున్నాను. వాడు అమ్మ అప్పట్లో బట్టలు కుట్టే షాపు నుంచి తాళంచెవి తెచ్చుకుందామని బండి తిప్పుకుని వెళ్ళాడు. సందు మలుపులో లారీ..."

పక్కనున్న రెంచి తీసి సంచీలో వేశాడు.

"మీ తప్పేం లేదని చెప్పరా?" అన్నాడు చివరికి. "అందరూ అలాగే అంటారు కదా."

"చెప్పలేను. మీరు లేచి ఉంటే ఆయన బతికుండేవారేమో. నాకు తెలీదు, మీకూ తెలీదు." ఆమె అతని వైపు తిరిగింది. "కానీ మంచం మీద పడుకున్న మీకు లారీ సంగతి తెలీదు. అది మాత్రం నిజం."

అతను ముఖం చేతుల్లో దాచుకున్నాడు. ఆమె అతని భుజం మీద చెయ్యి వేసింది. తీసెయ్యాలని తోచలేదు.

"అమ్మగారికి చెప్పండి."

"చెప్తే ఇక నా మొహం చూడదు."

"ఇప్పుడు మాత్రం ఎక్కడ చూస్తున్నారు? మీరు కనపడితేగా!"

"కఠినంగా మాట్లాడతారు మీరు."

"తెలుసు" అంది. "నేనూ రానా?"

"వద్దు. ఇది నేనే చెప్పాలి."

*

చెప్పాడు. మర్నాడు సాయంత్రం వచ్చి ఆ ఒక్క మాటే అన్నాడు.

"ఏమన్నారు?"

"ఏమీ అనలేదు. గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది."

రెండోరోజూ అంతే. మూడోరోజూ అంతే. తలుపు దగ్గర కంచం పెడితే సగం తిని బయట పెట్టేస్తోంది. మాట లేదు. అతను పని ముగించుకుని నేరుగా ఇక్కడికి వచ్చేవాడు. చేతులు ఊరికే ఉండలేక మట్టి పిసికేవాడు. పిన్ని పక్కన కూర్చుని, వణికే తన చేతుల్ని అతని చేతుల మీద పెట్టి, గాలిబుడగలు మిగలకుండా ఎలా నొక్కాలో చూపించేది. ఎవరూ నవ్వేవాళ్ళు కాదు.

ఆమెకి నిద్ర పట్టడం మానేసింది. "ఆ ఇంట్లో మిగిలింది ఇద్దరే పిన్నీ. వాళ్ళనీ విడదీశానేమో" అంది.

"విడదీశావో కలిపావో నాకేం తెలుసు?" అంది పిన్ని. "చెప్పించింది నువ్వు. ఏమైనా ఆ పిల్లాడి పక్కన ఉండాల్సింది కూడా నువ్వే. పారిపోకు."

ఆరోరోజు వాన సన్నగా పడుతోంది. అతను మట్టి పిసుకుతున్నాడు, ఆమె పక్కనే నిలబడి నీళ్ళు చిలకరిస్తోంది. గుమ్మంలో గొడుగు మూసిన చప్పుడైంది. అతని తల్లి. ఎడమచేత్తో గొడుగు మూయడం రాక సగం తడిసిపోయింది. పెద్దకొడుకు పోయాక, ఆస్పత్రికి తప్ప, ఆవిడ వీధి దాటడం అదే మొదలు.

అతను లేచాడు.

"ఆరు రోజులు ఆలోచించాను" అందావిడ, నిలబడే. "కోపమొచ్చింది. మామూలు కోపం కాదు. ఇంకా పోలేదు. ఎప్పటికి పోతుందో చెప్పలేను, పోతుందని మాట కూడా ఇవ్వను."

"అమ్మా..."

"ఇంకా చెప్పనీ. ఇంత బరువు పెట్టుకుని ఇన్ని నెలలు నా పక్కనే ఒక్కడివే తిరిగావే, దానికి ఇంకా కోపమొచ్చింది. కోప్పడ్డానికైనా నువ్వు నా ఎదురుగా ఉండాలిరా. ఈ పిల్ల ఇంట్లో దాక్కుంటే నేనెవర్ని తిట్టుకోవాలి? ఇంటికి నడు."

అతను మట్టిచేతులతోనే ముఖం కప్పుకుని ఏడ్చాడు. ఆవిడ దగ్గరికి వచ్చి, ఎడమచేత్తో ఆ మట్టిని తుడవబోయింది. తుడిచేకొద్దీ ఇంకా పులుముకుంది. ఆవిడా ఏడ్చింది. పిన్ని స్టవ్ వెలిగించే వంకతో లోపలికి పోయి, ఎంతకీ వెలిగించకుండా నిలబడింది.

టీలయ్యాక తల్లి పిన్నిని అడిగింది. "మీ అమ్మాయి అబద్ధం చెప్పదటగా?"

"ఏం చెప్పమంటారు, దానివల్ల పడని అవస్థ లేదు!"

"మా ఇంట్లో అలాంటి మనిషి ఒకరుండాలి." ఈమె వైపు తిరిగింది. "ఏమ్మా, మా వాడంటే ఇష్టమేనా?"

అతని చేతిలో టీ గ్లాసు ఆగిపోయింది. ఆమె పిన్ని వైపు చూసింది. పిన్ని పైకప్పు వైపు చూసింది. తప్పించుకునే దారి లేదు.

"ఇష్టమేనండీ" అంది.

"సరే" అంది ఆవిడ, కూరగాయలు తీసుకున్నంత మామూలుగా. "సంతోషంగా పెళ్ళి మాటలు మాట్లాడే ఓపిక నాకిప్పుడు లేదు. ఆ ఓపిక వచ్చాక మాట్లాడతాను. ఇవాళ మాత్రం ఇద్దరూ భోజనానికి రండి." పిన్ని గొడుగు పట్టింది. పెద్దవాళ్ళిద్దరూ ఒకే గొడుగు కింద చెరో భుజం తడుపుకుంటూ వీధిలోకి దిగి నెమ్మదిగా ముందు నడిచారు.

అతను పంపు దగ్గర ముఖం కడుక్కుని వచ్చాడు. చొక్కా చేతులు దించుకున్నాడు.

"మా ఇంట్లో ఇంకా చాలా రోజులు ఏడుపే ఉంటుంది" అన్నాడు. "సినిమాలకీ షికార్లకీ తిప్పే మనిషిని కాను. ఇప్పట్లో కాలేను కూడా."

"తెలుసు."

"అయినా వస్తారా?"

ఆమె చేతులు తుడుచుకుంది. బల్లమీది మట్టి ఆరిపోకుండా తడిగుడ్డ కప్పింది. కిటికీ మూసింది.

"నువ్వు ముందు నడు. తాళం వేసి వస్తాను."

అతను గుమ్మంలో ఆగిపోయాడు. ఇన్ని వారాలుగా ఆ నోటినుంచి "మీరు" తప్ప వినలేదు.

"ఏమన్నారు?"

"వినపడలేదా?"

"వినపడింది" అన్నాడు. "ఇంకోసారి అంటారేమోనని."

"నువ్వు" అందామె అతని కళ్ళలోకి చూసి, "ముందు నడు. అమ్మ తడుస్తోంది."